రోమన్ కోటలో ఓ వారాంతం

ఇంగ్లండ్ ఈశాన్య తీరాన, టైన్ నది సముద్రంలో కలిసేచోట సౌత్ షీల్డ్స్ అనే ఊరుంది. మామూలు ఇటుక ఇళ్ల వరసలు దాటుతుంటే ఉన్నట్టుండి ఎదురుగా ఓ రాతికోట ద్వారం నిలబడి ఉంటుంది. రోమన్లు ‘అర్బెయా’ అని పిలుచుకున్న కోట ఇది. పునాదులు దాదాపు 1,850 ఏళ్ల నాటివి. ద్వారాన్ని మాత్రం 1986లో ఆ పాత పునాదుల మీదే తిరిగి కట్టారు. హేడ్రియన్ చక్రవర్తి క్రీ.శ. 122లో మొదలుపెట్టిన 117 కిలోమీటర్ల సరిహద్దు గోడకి ఇది తూర్పు కొసన ఉన్న కాపలా. క్రీ.శ. 208 ప్రాంతంలో సెప్టిమియస్ సెవరస్ స్కాట్లాండ్ మీదికి దండెత్తినప్పుడు దీన్నంతా ధాన్యపు కొట్లతో నింపేశారు.

ఇలాంటి కోటల్లోకి వేసవి శని, ఆదివారాల్లో మళ్లీ సైన్యం దిగుతుంది. టీచర్లు, నర్సులు, ఎలక్ట్రీషియన్లు, రిటైరైన ఇంజినీర్లు సొంత డబ్బుతో కవచాలు చేయించుకుని, గుడారాలు వేసి, జనానికి రోమన్ల కాలాన్ని చూపిస్తారు. దీన్ని ఇక్కడ రీఎనాక్ట్‌మెంట్ అంటారు. బ్రిటన్‌లో రోమన్ సైన్యం వరకూ ఇందులో పేరున్న బృందం ‘అర్మిన్ స్ట్రీట్ గార్డ్’. అది 1972లో గ్లాస్టర్‌షైర్‌లో ఓ పల్లె వేడుక కోసం పుట్టింది. అంతకుముందు 1964లో కార్‌బ్రిడ్జ్ తవ్వకాల్లో ఓ పెట్టె నిండా ఇనుప కవచాల ముక్కలు బయటపడ్డాయి. లండన్ టవర్ ఆయుధశాలకు చెందిన రస్సెల్ రాబిన్‌సన్ వాటిని పరిశీలించి, పట్టీలు ఎలా అమరేవో తేల్చాడు. సినిమాల్లో చూసి ఊహించుకున్న రోమన్ సైనికుడు పక్కకు తప్పుకుని, ఆధారాలున్న సైనికుడు ముందుకు రావడం అక్కణ్నుంచే మొదలైంది.

ఆధారమే ఈ బృందాలకు ప్రాణం. తవ్వకాల్లో దొరకనిదీ, శిల్పంలో లేనిదీ, రాతల్లో కనిపించనిదీ ఒంటిమీద ఉండకూడదు. చేతి గడియారం తీసేయాలి. బయటికి కనిపించే కుట్టు చేతికుట్టే అయి ఉండాలి. ఈ పట్టుదల నాకు చాలా నచ్చింది. అందుకే ఓ వారాంతం అర్బెయాలో వాళ్లతో కలిసి నేనూ కవచం తొడుక్కున్నాను.

ఇనుప రింగుల చొక్కా ఒక్కరే వేసుకోవడం కష్టం. సాయం చేసేవాళ్లు దాన్ని ఎత్తి పట్టుకుంటే చేతులు పైకి చాచి లోపలికి దూరాలి. వేల రింగులు, ఒక్కోటీ మరో నాలుగింటిని పట్టుకుని ఉంటుంది. పది, పన్నెండు కిలోల బరువు ఒక్కసారిగా భుజాల మీద పడుతుంది. అప్పుడు వెనక నుంచి ఒకరు నడుముకి తోలు బెల్టు బిగించి, చొక్కాని కాస్త పైకి లాగి బెల్టు మీదికి వదులుతారు. చాలా బరువు తుంటి మీదికి దిగిపోయి మెడ తేలికపడుతుంది. తప్పు చేసిన శతాధిపతుల్ని అగస్టస్ చక్రవర్తి బెల్టు లేకుండా రోజంతా గుడారం ముందు నిలబెట్టేవాడని స్యుటోనియస్ రాశాడు. అందులో అవమానం ఏమిటో పుస్తకంలో చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ బెల్టు బిగించుకున్నాక తెలిసింది.

చెప్పులూ అంతే. అడుగున గుండ్రటి తలల ఇనుప మేకులు కొట్టి ఉంటాయి. తడి గడ్డి మీద నేలని గట్టిగా పట్టుకుంటాయి. అవే చెప్పులతో నున్నటి రాతి మీద అడుగేస్తే కాలు జర్రున జారుతుంది. క్రీ.శ. 70లో జెరూసలేం ముట్టడిలో జూలియానస్ అనే శతాధిపతి ఒంటరిగా శత్రువుల్ని తరుముకుంటూ వెళ్లి, ఆలయం రాతినేల మీద ఈ మేకుల వల్లే జారిపడి ప్రాణం పోగొట్టుకున్నాడని జోసెఫస్ చెప్పాడు. కోట ద్వారం కింద రాళ్ల మీద నాలుగడుగులు వేస్తే చాలు, ఆ మనిషి చావు కళ్లకు కడుతుంది.

చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు కవాతు దగ్గర గుమిగూడతారు. లాటిన్‌లో ఆజ్ఞలు, డాళ్లన్నీ కలిపి తాబేలు డిప్పలా కప్పుకోవడం, ఈటెలు విసరడం. అది కాసేపే. జనం ఎక్కువసేపు నిలబడేది వంట దగ్గర.

అక్కడ ఓ రాతి తిరగలి ఉంది. గుంటూరు జిల్లా ఇళ్లలో మా తరం చూసిన తిరగలికి అచ్చంగా అన్న. గుప్పెడు గోధుమలు పోసి తిప్పితే పక్కనుంచి ముతక పిండి రాలుతుంది. రోమన్ సైన్యంలో ఒక గుడారానికి ఎనిమిది మంది. ఒక్కో మనిషికి రోజుకి కిలోకి కాస్త తక్కువగా గోధుమలు. ఎనిమిది మందికీ పిండి విసిరి, రొట్టె కాల్చుకుని, ఆ తర్వాతే మిగతా పనులు. పిల్లలు పోటీపడి తిరగలి తిప్పుతారు, చేతులు నొప్పెట్టాక ఇది రోజూ చేసేవాళ్లా అని అడుగుతారు. సైన్యమంటే యుద్ధమొక్కటే కాదని వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ పక్కనే చిన్న గిన్నెలో మిరియాలు. హేడ్రియన్ గోడకి దగ్గర్లోని విందోలాండా కోటలో 1973 నుంచి దొరుకుతున్న చెక్కపలకల ఉత్తరాల్లో, లెక్కల్లో ఒకచోట గాంబాక్స్ అనే సైనికుడు రెండు దినారాలకి మిరియాలు కొన్న పద్దు ఉంది. అవి మన పడమటి తీరం నుంచి ఓడలెక్కి వెళ్లినవే. ఇండియా నుంచి ఇంతదూరం ఎలా వచ్చాయని ఒక పాప అడిగితే, జవాబు చెప్పమని నావైపు చూపించారు. ఎర్ర సముద్రం, అలెగ్జాండ్రియా, రోమ్ అని దారంతా చెప్పాను.

నల్లగా ఉన్న నన్ను ఆ కవచంలో చూసి వింతపడిన వాళ్లూ ఉన్నారు. వాళ్లకి చూపించాల్సిన సాక్ష్యం ఆ కోటలోనే ఉంది. రోమన్ పాలన చివరి రోజుల్లో ఇక్కడ కాపలా కాసింది టైగ్రిస్ నది పడవల దళం, ఇప్పటి ఇరాక్ వైపు నదిని బట్టి పేరు వచ్చినవాళ్లు. సెవరస్ చక్రవర్తి ఉత్తర ఆఫ్రికాలో పుట్టి, 211లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో కన్నుమూశాడు. ఇక్కడి మ్యూజియంలో ఓ సమాధి రాయి ఉంది. సిరియాలోని పాల్మైరా నుంచి వచ్చిన బరాతెస్ తన భార్య రెజీనా కోసం చెక్కించాడు. ఆమె ముప్ఫై ఏళ్లకే పోయింది. రాయి మీద కుర్చీలో కూర్చుని ఉంది, చేతిలో కదురు, పక్కన ఉన్ని ఉండల బుట్ట. కింద లాటిన్ రాత, దాని కింద ఒక్క వరస అతని సొంత లిపిలో.

రెజీనా ఈ దేశపు ఆడపిల్లే, కాటువెల్లౌనీ తెగ. మొదట బరాతెస్‌కి బానిస. విడుదల చేసి పెళ్లాడాడు. రాయి మీద కనిపించే ప్రేమ నిజమే కావచ్చు, అంతకుముందు ఆమెకి కాదనే హక్కు లేదన్నదీ అంతే నిజం. ఇలాంటి వారాంతాల్లో కవాతు పదిసార్లు చూపించి, బానిసల గురించి ఒక్క మాట కూడా చెప్పకపోతే అది చరిత్ర కాదు, వేషం. నేను చూసిన చోట ఉన్ని వడుకుతూ కూర్చున్న మహిళ రెజీనా కథని బానిస సంత నుంచే మొదలుపెట్టింది. ఆ వారాంతంలో నేను విన్న అన్నిటిలోకీ విలువైన పాఠం అది.

ఇక మన సంగతి. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. కొండాపూర్‌లో, పెద్దబంకూరులో రోమన్ నాణేలు దొరికాయి. మెట్లతో ఉన్న ఇక్ష్వాకుల క్రీడారంగం సాగర్ నీళ్లలో మునిగిపోకుండా ముందే విప్పి, అనుపులో తిరిగి పేర్చారు. ప్యాంటు తొడుక్కుని బల్లెం పట్టుకున్న శక సైనికుడి శిల్పం నాగార్జునకొండలో ఉంది. అమరావతి ఫలకాల నిండా తలపాగాలు, నగలు, బళ్లు, వాయిద్యాలు. ఇంత ఆధారం చేతిలో ఉంది. అనుపుకి వెళ్లినవాళ్లు మాత్రం మెట్ల మీద ఫొటో దిగి వచ్చేస్తున్నారు. పురావస్తు శాఖలు, యూనివర్సిటీల చరిత్ర విభాగాలు, నాటక సమాజాలు, నేతగాళ్లు, కంసాలులు కలిసి ఏడాదికి ఒక్క వారాంతమైనా ఆ మెట్ల మధ్య ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని నిలబెట్టాలి. శాసనంలో, శిల్పంలో ఉన్నదే కట్టాలి, ఉన్నదే వండాలి, పిల్లల చేత తిరగలి తిప్పించాలి. రాజుల గురించి ఎంత చెబుతారో, ఇటుకలు మోసినవాళ్ల గురించీ అంతే చెప్పాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎవరు మొదలుపెట్టినా సరే, ఈ చలికాలంలోనే మొదలుపెట్టండి.