రూపాయి బలపడితే మన సంచి బరువెక్కుతుందా?



పత్రికలో "రూపాయి బలపడింది" అన్న వార్త పడినప్పుడల్లా మన ఊళ్ళలో రెండు మాటలు వినిపిస్తాయి. "ఇక ధరలు దిగుతాయిలే, రెండు నాళ్ళు ఆగి కొందాం" అంటారు కొందరు. "రూపాయి లేస్తే మనకేం, పడితే మనకేం? మన బేరం ఉయ్యూరు బజారులో గదా" అంటారు మరికొందరు. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉన్నది, కొంత పొరపాటు ఉన్నది. ఆ సంగతే ఈవేళ చూద్దాం.

ముందు మాట అర్థం చేసుకోవాలి. డాలరు ఒకటి కొనటానికి నిన్న 90 రూపాయలు ఇవ్వవలసి వచ్చినచోట ఇవాళ 80 చాలితే, రూపాయి బలపడిందన్నమాట. కిలో వంకాయలు 40 నుంచి 30కి దిగితే రూపాయి బలపడిందనం, వంకాయలు చవకయ్యాయంటాం. ఒకటి పరదేశపు నాణెంతో బేరం, రెండోది కూరలవాడితో బేరం. రెంటినీ కలిపేసుకుంటే లెక్క తప్పుతుంది.

మన రూపాయి ప్రయాణం ఎక్కువగా కిందికే సాగింది. 1966 జూన్ 6న డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి ఒక్కసారిగా 7 రూపాయల 50 పైసలయింది. 2022లో 80 దాటింది, 2025 డిసెంబరులో 90 కూడా దాటింది. అయినా నడుమ నడుమ రూపాయి లేచిన రోజులూ లేకపోలేదు. లేచినప్పుడు బజారులో ఏం జరిగిందో, చేలో ఏం జరిగిందో మన తాతల తరం బాగా ఎరుగును.

తెల్లవాళ్ళ పాలనలో రూపాయికి ఒకప్పుడు 16 పెన్నీల విలువ కట్టారు. 1925 నాటికి అది 18 పెన్నీల మట్టానికి చేరింది. హిల్టన్ యంగ్ కమిషను దాన్నే ఖాయం చేయమన్నది. కమిషనులో ఒక సభ్యుడైన పురుషోత్తందాస్ ఠాకూర్‌దాస్ మాత్రం 16 పెన్నీలే ఉండాలని వేరుగా తన అభిప్రాయం రాసిపెట్టాడు. 1927లో చట్టం 18 పెన్నీలనే స్థిరపరచింది.

రెండు పెన్నీల తేడాకు ఇంత గొడవ ఎందుకని మీరడగవచ్చు. లెక్క వేసి చూడండి. పౌనుకు 240 పెన్నీలు. రూపాయికి 16 పెన్నీలయితే పౌను 15 రూపాయలు. 18 పెన్నీలయితే పౌను 13 రూపాయల 5 అణాల 4 పైలు. పౌను విలువ చేసే సీమగుడ్డ కొనేవాడికి రూపాయిన్నర పైగా కలిసివచ్చింది. ఆ పౌను విలువ చేసే వేరుశనక్కాయలు సీమకు అమ్మిన రైతుకు అదే రూపాయిన్నర పైగా చేజారింది. కొట్లో మిగిలిన డబ్బు, కళ్ళంలో పోయిన డబ్బు రెండూ ఒక్కటే. చేతులు మాత్రం వేరు.

తరువాత రెండేళ్ళకు, 1929లో, లోకమంతటా ఆర్థికమాంద్యం కమ్ముకున్నది. ధాన్యం ధర సగానికి అటూ ఇటూగా పడిపోయింది. దానికి రూపాయి ఒక్కటే కారణమంటే న్యాయం కాదు. మాంద్యమే అసలు దెబ్బ. కాని బలమైన రూపాయి ఆ దెబ్బ మీద మరో దెబ్బ అయింది. శిస్తు రూపాయల్లోనే కట్టాలి, అప్పు రూపాయల్లోనే తీర్చాలి, వడ్డీ రూపాయల్లోనే పెరుగుతుంది. నిరుడు పది బస్తాలతో తీరే బాకీకి ఈ ఏడు ఇరవై బస్తాలు కావలసివస్తే రైతు ఏం చేయగలడు? కృష్ణా, గోదావరి డెల్టాలలో శిస్తు పెంచాలన్న రీసెటిల్మెంటు తలపెట్టినది కూడా ఆ రోజుల్లోనే. చివరకు 1938లో మద్రాసు రాష్ట్రంలో రైతు రుణ విమోచన చట్టం చేయవలసి వచ్చింది.

ఇక కొనుగోలు సంగతి. 1931 డిసెంబరులో జపాను తన యెన్‌ను బంగారంతో ముడి విప్పింది. యెన్ దిగజారింది. యెన్ ముందు మన రూపాయి బలపడింది. జపాను గుడ్డ, జపాను నకిలీ పట్టు మన బజార్లను ముంచెత్తాయి. "జపాను సరుకు" అంటే చవకైనది, నాలుగు నాళ్ళకు చిరిగేది అనే మాట మన భాషలో నిలిచిపోయింది. చవక గనుక కొన్నారు. కొన్నవారిని తప్పుపట్టలేం; పిల్లలకు పండక్కి గుడ్డలు కుట్టించాలన్న తల్లి ధర చూస్తుందిగాని మారకపు రేటు చూడదు గదా! కాని చవక గుడ్డకు అలవాటుపడిన ఇల్లు మగ్గం గుడ్డ ఎంతకు దొరుకుతుందో అడగటం కూడా మానేసింది. పరదేశపు గుడ్డపై సుంకం 1932 ఆగస్టులో నూటికి 50కి, 1933 జూన్‌లో నూటికి 75కు పెంచారు. ఇంగ్లండు గుడ్డకు ఈ పెంపు వర్తించలేదు. దానికి బదులుగా జపాను మిల్లులు మన ప్రత్తి కొనటం మానేశాయి. 1934 జనవరిలో రాజీ కుదిరి, మీరు ఇంత ప్రత్తి కొంటే మేము ఇంత గుడ్డ రానిస్తామని ఒప్పందం రాసుకున్నారు. కొట్లో గుడ్డకూ చేలో ప్రత్తికీ ఉన్న ముడి ఆ కాగితం మీద ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చూడండి.

ఇప్పుడు మన ఇంటి సంచిలోకి వద్దాం. అందులో ఏ సరుకు ఎక్కడినుంచి వస్తున్నది? ఉప్పు, బియ్యం, బెల్లం, కూరలు, పాలు ఇక్కడివే. రూపాయి బలపడినంత మాత్రాన వీటి ధర కదలదు. డీజిలు అలా కాదు. మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పైగా దిగుమతే. వంటనూనెలో సగానికి పైగా పైనుంచి వచ్చేదే. పామాయిలు ఇండోనేషియా, మలేషియాలది. మినపపప్పు, కందిపప్పుల్లో కొంత బర్మాది. బంగారం దాదాపు అంతా దిగుమతే. చేతిలో ఫోనులోని భాగాలు ఎక్కువగా పరదేశపువే. రూపాయి కదిలితే కదిలేవి ఇవి.

కాని ఎంత కదులుతాయి? ఉదాహరణకు టన్ను పామాయిలు 1,000 డాలర్లనుకుందాం. డాలరు 90 రూపాయలయితే కిలో 90, డాలరు 80 అయితే కిలో 80. కిలోకు పది రూపాయలు తగ్గాలి. తగ్గుతుందా? రేవులో సుంకం ఉంటుంది, శుద్ధిచేసే ఖర్చు, లారీ కిరాయి, టోకు వర్తకుడి లాభం, మన కొట్టువాడి లాభం ఉంటాయి. ఇవేవీ రూపాయితోపాటు దిగవు. పైగా కొట్లో ఉన్నది పాత ధరకు కొన్న సరుకు. ధర పెరిగినప్పుడు పాత సరుకునే ఆ రోజునుంచే కొత్త ధరకు అమ్మే వర్తకుడికి, ధర తగ్గినప్పుడు మాత్రం పాత సరుకు అయిపోయేదాకా పాత ధరే గుర్తుంటుంది. ఇది వర్తకుడిమీద నింద కాదు. మన దగ్గర ధాన్యం నిలవున్నప్పుడు మనం చేసేదీ అదే.

ఎరువుల సంగతి మరీ వేరు. పొటాషు మన దేశానికి పైనుంచే రావాలి, డి.ఎ.పి. అయినా, దానికి కావలసిన ముడిసరుకయినా చాలావరకు దిగుమతే. అయితే రూపాయి బలపడిందని యూరియా బస్తా ధర తగ్గుతుందని ఎదురుచూడకండి. దాని గరిష్ఠ ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. రూపాయి బలపడితే తగ్గేది సర్కారు మోసే సబ్సిడీ. బంగారం విషయంలోనూ సర్కారు సుంకం రూపాయికన్నా గట్టిగా పనిచేయగలదు. 2024 జూలైలో సుంకం నూటికి 15 నుంచి 6కు తగ్గించగానే రూపాయి కదలకుండానే కొట్లలో బంగారం దిగింది.

అసలు లెక్క ఇప్పుడు చెబుతాను. ఇది మినుము లెక్క. మన డెల్టాలో వరి కోతకు కొద్దిరోజుల ముందు చేలో మినుములు చల్లటం మీకు కొత్త కాదు. ఆ పంటకు బర్మా మినుము పోటీ. మినుము దిగుమతిపై ఉన్న పరిమితిని 2021 మేలో ఎత్తేశారు, ఆ తరువాత గడువు పొడిగిస్తూ వచ్చారు. బర్మా మినుము టన్ను 900 డాలర్లకు వస్తున్నదనుకోండి. ఇది లెక్కకోసం అనుకున్న ధర సుమా. డాలరు 90 అయితే క్వింటాలు 8,100 రూపాయలు. డాలరు 80 అయితే 7,200. 2025-26 ఖరీఫుకు మినుముకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,800. అంటే బలమైన రూపాయి పరదేశపు మినుమును మద్దతు ధరకన్నా కిందికి దించిందన్నమాట.

ఇప్పుడు ఒక ఇల్లు తీసుకోండి. నెలకు రెండు కిలోల మినపపప్పు వాడతారు. కిలోకు 9 రూపాయలు పూర్తిగా తగ్గినా నెలకు 18, ఏడాదికి 216 రూపాయలు మిగులుతాయి. అదే ఇంటివారికి ఎకరం మినుము ఉన్నది, ఆరు క్వింటాళ్ళు పండింది. క్వింటాలుకు 900 తగ్గితే 5,400 రూపాయలు పోతాయి. పొద్దున ఇడ్లీ చవకైందని సంతోషించిన ఇల్లే ఇది! పామాయిలు తోటవారికీ ఇదే వరస. పెదవేగి చుట్టుపక్కల గెలల ధర ముడి పామాయిలు ధరను అనుసరించే ఉంటుంది. రొయ్యల చెరువుల వారయితే మరీ సూటిగా దెబ్బతింటారు, అమెరికా కొనుగోలుదారు డాలర్లలో ఇచ్చేది గనుక.

అయితే రూపాయి బలపడటం చెడ్డదని చెప్పటం నా ఉద్దేశం కాదు. భూమి లేని కూలి కుటుంబానికి అమ్ముకునే మినుము లేదు. కొనుక్కునే పప్పు, నూనె మాత్రం ఉన్నాయి. నెలకు నూనెలో 40, పప్పులో 18 మిగిలితే వారికది పిల్లవాడి నోటుపుస్తకాల ఖర్చు. వారికి బలమైన రూపాయి మేలే. ఇద్దరి నడుమ నలిగేవాడు కౌలురైతు. కౌలు రొక్కంగా ముందే మాట్లాడుకుంటాడు, పంట ధర తరువాత దిగుతుంది. 1930ల్లో శిస్తు కట్టిన రైతు బాధ ఎలాంటిదో ఇవాళ రొక్కం కౌలుదారుడి బాధ అలాంటిదే. పంటలో వాటాగా కౌలు కుదుర్చుకున్నవాడికి ఈ బెడద సగం తగ్గుతుంది.

మన ప్రాంతంలో మరో రకం ఇళ్ళున్నాయి. కొడుకో కూతురో అమెరికాలో ఉండి నెలనెలా డాలర్లు పంపే ఇళ్ళు. 2007 మొదట్లో డాలరు 44 రూపాయల దగ్గర ఉండి, ఆ ఏడాది చివరకు 39 దగ్గరకు దిగింది. పిల్లవాడు పంపే వెయ్యి డాలర్లు మారలేదు. ఇంటికి చేరేది 44,000 నుంచి 39,000 అయింది. అక్కడ వాడి కష్టం తగ్గలేదు, ఇక్కడ సంచి తేలికయింది. పోనీ బజారు ధరలయినా దిగాయా అంటే, ఆ ఏడాదే లోకమంతటా చమురు ధర ఎగబాకింది. బలపడిన రూపాయి ధరను దించలేకపోయింది, ఎగబాకటాన్ని కొంచెం ఆపింది. కనపడని మేలు గనుక ఎవరూ దాన్ని లెక్కలో వేసుకోలేదు.

ఇళ్ళలో ఆడవారు ఈ విషయంలో మగవారికన్నా మెలకువగా ఉంటారని నా నమ్మకం. నూనె ధర దిగితే ఒక డబ్బా తెస్తారుగాని, వేపుళ్ళు రెండింతలు చేయరు. మగవారమే ఫోను చవకైందని వాయిదాల మీద కొంటాం. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సరుకు ధర డాలరుతోపాటు దిగవచ్చు; వాయిదా సొమ్ము మాత్రం రాసిచ్చిన చోటే నిలుస్తుంది. ఆర్నెల్లకు అదే ఫోను ఇంకా చవకైనా మీరు కట్టేది పాత లెక్కే. ఇంకా దిగుతుందని కావలసిన వస్తువును ఏళ్ళతరబడి ఆపటమూ పొరపాటే. పెళ్ళి ముహూర్తం రూపాయికోసం ఆగదు గదా.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. సమావేశంలో మారకపు రేటు అంటూ మొదలుపెడితే నాలుగు నిమిషాలకు సగంమంది లేచిపోతారు. ఒక కిరాణా సంచి తీసుకువెళ్ళండి. అందులోని పొట్లాలు ఒక్కొక్కటే బయటపెట్టి, ఇది ఎక్కడిదని అడగండి. పొట్లం మీద గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల అచ్చువేసి ఉంటాయి, చదివించండి. ధర దిగిందన్న వార్త తరువాత తయారైన పొట్లమా, ముందుదా అన్నది అక్కడే తేలిపోతుంది. బరువు కూడా చూడమనండి. ధర తగ్గించకుండా కిలోను 900 గ్రాములు చేసిన పొట్లాలు, ధర తగ్గించి బరువూ తగ్గించిన పొట్లాలు రెండూ ఉంటాయి.

రైతు సోదరులకు చివరగా మినుము మాటే. కోత కోసి, నూర్చి, ఎండబెట్టాక కళ్ళంలోనే అంతా తూచి ఇచ్చేయకండి. వ్యాపారి ధర తగ్గించి అడిగితే, బర్మా మినుము చెన్నై రేవుకు ఎంతకు దిగుతున్నదో, మద్దతు ధర కొనుగోలు కేంద్రం తెరిచారో లేదో ముందు కనుక్కోండి. ఇంటికి ఏడాది పప్పు, వచ్చే ఏటికి విత్తనం పక్కన పోసుకున్నాక, మిగిలిన దానికే బేరం మొదలుపెట్టండి.