మూడేండ్లు ముందుగా గెలిచిన కప్పు

ఫుట్‌బాల్ అనగానే మన హాస్టల్ మిత్రులు మెస్సీ అంటారు, రొనాల్డో అంటారు. అర్ధరాత్రి దాటినా మేలుకొని యూరప్ ఆటలు చూస్తారు. మంచిదే. కానీ భారత దేశపు కుర్రజట్టు ఒకసారి ఆసియా కప్పు అందుకున్నదనీ, ఆ జట్టు కెప్టెన్ హైదరాబాదు కుర్రవాడనీ వారిలో ఎంతమందికి తెలుసు? నిజం ఒప్పుకోవాలంటే మొన్నమొన్నటి దాకా నాకూ తెలియదు. తెలిసిన తర్వాత నలుగురికీ చెప్పాలనిపించింది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా నా సంగతి రెండు మాటలు. నాది తనకల్లు మండలం. కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో వస్తుంది. మాది వానను నమ్ముకున్న శనక్కాయ సేద్యం. కాయ పీకినాక చేను బోడిగా పడి ఉంటుంది కదా, అదే మా ఆటస్థలం. అక్కడ అందరూ ఆడేది క్రికెట్టే. ఫుట్‌బాల్ తన్నితే అది రాళ్ళలో పడి ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. అటువంటి చోట నాకు ఈ పిచ్చి ఎట్లా పట్టిందో తర్వాత చెబుతాను.

ఇక అసలు విషయం. 1959లో ఆసియా దేశాల యువకుల ఫుట్‌బాల్ పోటీ మలయాలోని కౌలాలంపూర్‌లో మొదలయింది. మొదటి కప్పు దక్షిణ కొరియాది. తరువాతి పదేండ్లలో బర్మా పేరు మళ్ళీ మళ్ళీ వినిపించింది. ఈ రోజు బర్మా ఫుట్‌బాల్ గురించి మాట్లాడేవారు తక్కువ గానీ, ఆ కాలంలో ఆసియాలో దానికి ఎదురు నిలవడం తేలిక కాదు. 1973లో ఇరాన్ వంతు వచ్చింది. ఆ మరుసటి ఏడాది, అంటే 1974 ఏప్రిల్‌లో, పోటీ బ్యాంకాక్‌లో జరిగింది. భారత జట్టు ఫైనల్సుకు చేరింది. ఎదురుగా ఉన్నది అదే ఇరాన్, కిందటేడాది విజేత. ఆట 2-2తో ముగిసింది. ఇద్దరినీ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు.

ఆ జట్టు కెప్టెన్ షబ్బీర్ అలీ. 1956 జనవరి 26న హైదరాబాదులో పుట్టాడు. అంటే బ్యాంకాక్‌లో కప్పు పట్టుకున్న నాటికి నిండా పద్దెనిమిదేండ్లు. మనలో బి.ఎస్సీ. మొదటి సంవత్సరంలో చేరినవాడి వయసు! తర్వాత కలకత్తా క్లబ్బుల్లో పెద్ద ఫార్వర్డుగా పేరు తెచ్చుకుని, ఆ పైన కోచ్ అయ్యాడు. 2011లో ఆయనకు ధ్యాన్‌చంద్ పురస్కారం ఇచ్చారు. ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో ఆ పురస్కారం అందుకున్న మొదటివాడు ఆయనే.

హైదరాబాదు కుర్రవాడు కెప్టెన్ కావడం ఏదో లాటరీ తగిలినట్టు జరిగింది కాదు. అక్కడ ఒక బడి ఉండేది. గోడలూ బెంచీలూ ఉన్న బడి కాదు, సయ్యద్ అబ్దుల్ రహీం అనే మనిషే ఆ బడి. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకు ఆయన కోచ్‌గా ఉండగానే 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు వచ్చాయి. మధ్యలో 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం. సికింద్రాబాదు అమ్ముగూడ నుంచి వెళ్ళిన తులసీదాస్ బలరాం ఆయన చేతిలో తయారైనవాడే. 1963లో రహీం క్యాన్సరుతో పోయారు. 2024లో ‘మైదాన్’ అని హిందీ సినిమా వస్తే గానీ మనవాళ్ళలో చాలామందికి ఆ పేరే తెలియలేదు. నేనూ ఆ చాలామందిలో ఒకణ్ణే.

ఇప్పుడు ముడి ఎక్కడ పడుతుందో చూడండి. 1974 కుర్రజట్టుకు కోచ్ అరుణ్ ఘోష్. ఈ ఘోష్ 1962 జకార్తా ఫైనల్సులో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన జట్టులో డిఫెండరు, అంటే రహీం శిష్యుడు. రహీం నేర్పిన ఆట ఘోష్‌కు వచ్చింది, ఘోష్ దగ్గర నుంచి మళ్ళీ ఒక హైదరాబాదు కుర్రాడి కాలికి చేరింది. మా ఊళ్ళో విత్తనాల కాయలు ఎత్తిపెట్టుకున్నట్టే ఇది. ఒక ఏడు ఎత్తిపెట్టడం మరిస్తే మరుసటేడు అప్పు చేసి కొనుక్కోవలసిందే.

కప్పును ఇద్దరికీ పంచడమేమిటి, పెనాల్టీలు కొట్టి తేల్చవచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అనుకున్నాను. పెనాల్టీ కిక్కులతో విజేతను తేల్చే పద్ధతిని అంతర్జాతీయ నియమాల మండలి ఒప్పుకున్నది 1970లో. అంతకు ముందు డ్రా అయితే మళ్ళీ ఆడించేవారు, లేకుంటే చీటీయో నాణెమో. 1968 యూరప్ కప్పు సెమీఫైనల్సులో ఇటలీ, సోవియట్ యూనియన్ సమానంగా నిలిస్తే నాణెం ఎగరేసి ఇటలీని ఫైనల్సుకు పంపారు! నియమం వచ్చినా అది అన్ని పోటీలకూ ఒక్కసారిగా పాకలేదు. ఆసియా యువకుల పోటీలో పంచుకోవడం ఆనవాయితీగానే నడిచింది. 1961లో బర్మా, ఇండోనేషియా పంచుకున్నాయి. 1974లో మనతో పంచుకున్న ఇరాన్, 1975లో ఇరాక్‌తోనూ, 1976లో ఉత్తర కొరియాతోనూ పంచుకున్నది. కనుక ‘సగం కప్పే కదా’ అని ఎవరైనా చప్పరిస్తే ఒప్పుకోవద్దు. ఆ రోజుల్లో కప్పు అట్లాగే వచ్చేది.

నాకు బాధ కలిగించేది సగం కప్పు సంగతి కాదు. ఆ కప్పుకు తరువాతి మెట్టు లేకపోవడం. ఆసియాలో గెలిచారు సరే, తర్వాత ఎక్కడికి పోవాలి? పోవడానికి చోటే లేదు. ఫీఫా వారు యువకుల ప్రపంచ పోటీని మొట్టమొదట జరిపింది 1977లో, ట్యునీషియాలో. పదహారు జట్లు ఆడాయి. ఆసియా నుంచి ఇరాన్, ఇరాక్ వెళ్ళాయి. ఫైనల్సులో సోవియట్ యూనియన్, మెక్సికో ఆడితే స్కోరు మళ్ళీ అదే 2-2. ఈసారి పంచలేదు, పెనాల్టీలు కొట్టించారు, 9-8తో సోవియట్ గెలిచింది. రెండేండ్ల తర్వాత జపాన్‌లో జరిగిన రెండో పోటీలో మరడోనా అనే కుర్రవాణ్ణి లోకం చూసింది. మన బ్యాంకాక్ విజయం మూడేండ్లు ముందుగా వచ్చింది. మళ్ళీ ఆ కప్పు మనకు రాలేదు. వాన పడిందని సంబరపడి విత్తినాక నెల రోజులు మబ్బు జాడ లేకపోతే ఎట్లుంటుందో అనంతపురం జిల్లా వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

మధ్యలో నలభై మూడేండ్లు దాటేద్దాం. చెప్పుకోదగ్గవి లేవని కాదు. 2002లో అబూధాబీలో మన పదిహేడేండ్ల లోపు జట్టు ఆసియా క్వార్టర్ ఫైనల్సు దాకా వెళ్ళింది. అయినా ప్రపంచ పోటీ తలుపు మాత్రం తెరుచుకోలేదు. పెద్దల జట్టు 1950లో బ్రెజిల్ వెళ్ళవలసింది, వెళ్ళలేదు. చివరికి తలుపు మన ఇంట్లోనే తెరుచుకున్నది. 2017 పదిహేడేండ్ల లోపు ప్రపంచ కప్పును భారతదేశంలో జరిపారు. ఆతిథ్యం ఇచ్చే దేశం కనుక అర్హత పోటీలు ఆడకుండానే మనకు చోటు దొరికింది. ఏ వయసువారైనా సరే, భారత జట్టు ఫీఫా ప్రపంచ కప్పులో ఆడడం అదే మొదలు.

ఊరూరూ వెదికి పిల్లల్ని పోగుచేశారు. గోవాలో ఉంచి కొన్నేండ్లు శిక్షణ ఇచ్చారు. మొదట నికొలాయ్ ఆడం అనే జర్మన్ కోచ్, ఆఖర్న పోర్చుగల్ దేశస్థుడు లూయీస్ నార్టన్ డి మాటోస్. ఇరవై ఒక్కమంది జట్టులో ఎనిమిది మంది మణిపూర్ వాళ్ళు. ఆంధ్రప్రదేశ్ నుంచి గానీ తెలంగాణ నుంచి గానీ ఒక్కడూ లేడు. రహీం పుట్టిన గడ్డ నుంచి ఒక్కడూ లేడు!

అక్టోబరు 6న ఢిల్లీలో అమెరికాతో మొదటి ఆట. 0-3తో ఓడిపోయాం. 9న కొలంబియాతో రెండోది. అది మా ఊరి టీ అంగడి టీవీలో చూశాను. అప్పటికి నాకు పన్నెండేండ్లు. టీ అంగడాయన క్రికెట్ పెట్టమన్నవాళ్ళను “ఉండండప్పా, మన దేశం ఆడతాండాది” అని కసిరాడు. కొలంబియా ఒక గోలు ముందుంది. 82వ నిమిషంలో సంజీవ్ స్టాలిన్ కార్నరు కొట్టాడు. జీక్సన్ సింగ్ అందరికన్నా పైకి ఎగిరి తలతో కొట్టాడు. గోలు! ప్రపంచ కప్పులో భారతదేశానికి మొదటి గోలు. అంగడిలో గ్లాసులు ఎగిరిపడ్డాయి. మేం ఇంకా అరుస్తూనే ఉన్నాం, మరుసటి నిమిషంలోనే కొలంబియా పిల్లవాడు పెన్యలోసా మళ్ళీ గోలు కొట్టేశాడు. 1-2. సంబరంలో ఒక్క క్షణం ఏమరుపాటు, అంతే. 12న ఘనా చేతిలో 0-4. మూడు ఆటలు, ఒక గోలు, ఇంటికి. ఓటమి లెక్క చూసి చులకన చేసేవారికి ఒక్క మాట: ఆ పిల్లలు ఆడిన అమెరికా, కొలంబియా, ఘనా జట్లు చిన్నప్పటి నుంచి వారం వారం పోటీలు ఆడి వచ్చినవి. మనవాళ్ళకు ఆ అలవాటే లేదు.

ఆ గోలే నాకు పిచ్చి పట్టించింది. ఒక బంతి సంపాదించి చేన్లో తన్నడం మొదలుపెట్టాను. ఎనిమిదో తరగతిలో ఉండగా పద్నాలుగేండ్ల లోపు పిల్లల ఎంపికకు పోయాను. నా నిజ వయసు పదమూడు. రికార్డులో పద్నాలుగు దాటింది. ఎట్లాగంటే, నన్ను బడిలో వేసినప్పుడు జూన్ నెల, విత్తే కాలం. ఇంటి దగ్గర పిల్లవాణ్ణి చూసుకునే దిక్కు లేదు. ఐదేండ్లు నిండాలి గనుక ఒక ఏడాది ఎక్కువ రాయించారు. ఆ కాగితం చూసి వాళ్ళు నన్ను బంతి ముట్టుకోనివ్వకుండానే పంపేశారు. మా నాయన బస్సులో ఏమీ మాట్లాడలేదు. ఊరు దిగినాక మాత్రం “నేనే రాపిస్తి గదరా” అన్నాడు.

తర్వాత సైన్సు చదువుతుంటే ఒకటి తెలుసుకున్నాను. పదిహేడేండ్ల లోపు ప్రపంచ కప్పులో కాగితాన్ని మాత్రమే నమ్మరు. 2009 నైజీరియా పోటీ నుంచి మణికట్టుకు ఎం.ఆర్.ఐ. తీయించి చూస్తున్నారు. మన ముంజేతిలో రత్ని అనే ఎముక ఉంది కదా, దాని మణికట్టు వైపు కొసన మృదులాస్థి పలక ఒకటి ఉంటుంది. పెరిగే వయసులో ఎముక పొడుగయ్యేది అక్కడే. పెరుగుదల ఆగేసరికి ఆ పలక ఎముకగా మారి పూర్తిగా అతుక్కుపోతుంది. పదిహేడు నిండని మగపిల్లల్లో అట్లా పూర్తిగా అతుక్కోవడం నూటికి ఒకరిలో కూడా అరుదు. కనుక అతుక్కున్నట్టు కనబడితే వయసు దాటినట్టే లెక్క. ఎక్స్‌రేలాగా ఇందులో రేడియేషన్ కూడా లేదు.

అయితే ఒక ఇబ్బంది. ఈ పరీక్ష వయసు దాటినవాణ్ణి పట్టుకుంటుంది గానీ, వీడికి పదమూడా పద్నాలుగా అని చెప్పలేదు. నాలాగా కాగితం మీద పెద్దవాడైనవాణ్ణి చిన్నవాడని నిరూపించడానికి పనికిరాదు. ఎముక నిజం చెబుతుంది, పుట్టిన తేదీ చెప్పదు. వయసు తగ్గించి రాయించే మోసం గురించి పత్రికలు రాస్తాయి. వయసు పెంచి రాయించిన సేద్యగాళ్ళ పిల్లల గురించి ఎవరూ రాయరు, అది మోసం కాదు కనుక.

ఇప్పుడు అనంతపురంలో, 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు ప్రారంభించిన ఆర్డీటీ సంస్థ వారి మైదానాల్లో పల్లె పిల్లలు, ఆడపిల్లలతో సహా, ఫుట్‌బాల్ ఆడుతున్నారు. నేను పోయి చూశాను. పచ్చని గడ్డి మీద బంతి చెప్పినట్టు పోతుంది! మా చేన్లో ఆడినవాడికి అది వింతే. నాకిప్పుడు ఇరవై. రికార్డులో ఇరవై ఒకటి. ఏ కుర్రజట్టుకూ పనికిరాను.

మొన్న జూన్‌లో మా అక్క కొడుకును బడిలో వేయాలని బయలుదేరారు. ఐదేండ్లకు ఇంకా ఏడు నెలలు తక్కువ. “ఒక ఏడాది ఎచ్చు రాపిస్తే పోతాది, ఏముండాది లేప్పా” అన్నాడు మా బావ. ఆస్పత్రి వాళ్ళిచ్చిన జనన సర్టిఫికెట్ బీరువాలో ఉంది. దాన్ని తీసి నా పుస్తకాల్లో పెట్టుకుని కాలేజీకి వచ్చేశాను. వాడు ఇంకో ఏడాది అంగన్‌వాడీకే పోతాడు. మా అక్కకు నా మీద ఇంకా కోపం తీరలేదు.