పాత జీపు స్టీరింగులో ఆట ఎక్కడుంది?

విల్లీస్ వంశపు పాత జీపు నడిపినవాళ్లకి ఇది తెలిసిన బాధే. స్టీరింగు కాస్త తిప్పితే బండి పట్టించుకోదు, ఇంకాస్త తిప్పితే ఒక్కసారిగా పక్కకి లాగుతుంది. మధ్యలో ఉత్తినే తిరిగే ఆ మేరని మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. మనం ఆట అందాం.

ఎంత ఆట ఉండొచ్చు? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది 30 డిగ్రీలు దాటకూడదంటుంది. డిగ్రీలంటే మనకి అందదు, టేపు పెడదాం. 17 అంగుళాల స్టీరింగు చుట్టుకొలత సుమారు 53 అంగుళాలు. 30 డిగ్రీలంటే అందులో పన్నెండో వంతు, దాదాపు నాలుగున్నర అంగుళాలు. చట్టం ఒప్పుకుంటుంది గానీ నేనొప్పుకోను. రెండంగుళాలు దాటిందంటే బండి కిందికి దూరాల్సిందే.

కొలవడం సులువే. ముందు చక్రాలు సూటిగా ఉంచి, స్టీరింగు అంచుకి దారం ముక్క కట్టి, పక్కన స్కేలు పట్టుకోండి. టైరు కదలబోయేదాకా ఇటూ అటూ తిప్పితే దారం ఎంత జరిగిందో అదే ఆట.

స్టీరింగు బాక్సు మీది స్క్రూ బిగిస్తే పోదా? అందరూ ముందు చేసే పని అదే, ఎక్కువసార్లు తప్పు పనీ అదే. బాక్సు అంటే స్టీరింగు తిరుగుడుని డ్రాప్ ఆర్మ్ అనే చేతి ఊపుగా మార్చే పెట్టె. మనం ఎక్కువగా సూటిగానే నడుపుతాం కాబట్టి లోపలి గాడి నడిమధ్యన అరుగుతుంది, చివర్లు కొత్తగానే ఉంటాయి. మధ్య ఆట పూర్తిగా పోయేలా బిగిస్తే మలుపులో పట్టేస్తుంది.

పైగా తప్పు బాక్సుదే కాకపోవచ్చు. ఈ జీపుల్లో డ్రాప్ ఆర్మ్ నుంచి డ్రాగ్ లింక్ అనే కడ్డీ, అక్కణ్ణుంచి మధ్యలో పిన్ను మీద తిరిగే బెల్ క్రాంక్, దాన్నుంచి రెండు టైర్లకీ టై రాడ్లు. ఒక్కో టైరుకి చేరేలోపు ఐదు కీళ్లు. ఒక్కో కీలులో ఏటీఎం కార్డు మందం, అంటే 0.76 మిల్లీమీటర్ల లూజు ఉందనుకోండి. బాక్సు నిష్పత్తి 13 (అంటే స్టీరింగు 13 డిగ్రీలు తిరిగితే డ్రాప్ ఆర్మ్ ఒక డిగ్రీ), డ్రాప్ ఆర్మ్ పొడవు ఆరంగుళాలు అనుకుంటే, ఆ ఒక్క కార్డు స్టీరింగు అంచు దగ్గర సుమారు 14 మిల్లీమీటర్లవుతుంది. ఐదు కార్డులు కలిస్తే మూడంగుళాలకి దగ్గర! బాక్సు కొత్తగా ఉన్నా సరే.

మరి ఏ కీలు? ఒకరు పైన కూర్చుని స్టీరింగుని మెల్లగా ఊపుతుండాలి. మీరు కింద పడుకుని ఒక్కో కీలు మీద వేళ్లు పెట్టండి. ఒకపక్క కదిలి రెండోపక్క కదలకపోతే అదే. నా అనుమానమైతే ముందు బెల్ క్రాంక్ పిన్ను మీదే. గ్రీజు అందక అరిగేది అది. పిన్నూ బుష్షులూ మార్చడమే మందు. తర్వాత టైరుని జాకీ మీద లేపి పైనా కిందా పట్టి ఊపండి. లూజుంటే చక్రం బేరింగులో, చక్రం పక్కకి తిరిగే ఇరుసైన కింగ్ పిన్నో చూడాలి.

ఇవన్నీ సరిచేశాకే బాక్సు. డ్రాగ్ లింక్ విప్పేసి, స్టీరింగు పైకీ కిందికీ ఆడుతోందేమో చూడండి. ఆడితే కవరు కింది షిమ్ములు, అంటే పలచని రేకులు, ఒకటో రెండో తీయాలి. తర్వాత స్టీరింగుని నడిమధ్యన ఉంచి స్క్రూ బిగించండి. కొద్దిపాటి బిగువు చేతికి తెలియగానే ఆపి లాక్ నట్టు వేయండి. రెండువైపులా చివరిదాకా తిప్పి చూడండి, ఎక్కడా పట్టకూడదు.

డ్రాగ్ లింక్ తిరిగి బిగించేటప్పుడు ఒక్క మాట: పాత స్ప్లిట్ పిన్ను మళ్లీ వాడకండి. కొత్తది వేసి, కాళ్లు రెండూ వంచండి.