పెరటితోటలో మనమెరుగని మిత్రులు

బాన్సువాడ పరిసరములలో నిజాంసాగర్ కాలువ పారు పొలములందు వరిదే పెద్దపీట. వరికి పురుగుల సాయముతో పనిలేదు. దాని పుప్పొడి దానిమీదనే రాలి గింజ కట్టును. ఇంటి పెరటిలోని సొరపాదు సంగతి వేరు.

సొరపాదున మగపూవులు వేరు, ఆడపూవులు వేరు. ఆడపూవు క్రింద చిన్న పిందె పూవుతోడనే పుట్టును. మగపూవు పుప్పొడి అందనిచో ఆ పిందె పసుపువారి రాలిపోవును. పండుఈగ కుట్టినను పిందె కుళ్లును గాని, గాటు లేకయే రాలిన పిందెకు కావలసినది మందు కాదు, పుప్పొడి.

ఆ పుప్పొడిని తెచ్చువారెవరు? సొరపూవు విచ్చునది సాయంకాలము, తేనెటీగలు పట్టునకు మరలు వేళ. అప్పుడు రాత్రి తిరుగు రెక్కలపురుగులు వచ్చి, పొడవైన తొండము చాచి తేనె త్రాగుచు పుప్పొడిని మోయును. పొట్లపూవునకును ఇవియే చుట్టములు. తేనెటీగల మేలుకోరి మందును సాయంకాలము చల్లుమందురు. మంచిమాటయే, సొరపందిరికి మాత్రము అది తగదు.

వంగ, టమాట పూవులలో పుప్పొడి సన్నని రంధ్రముల గుండ రాలవలయును. గాలికి కొంత రాలును. నల్లని తుమ్మెద పూవును కరచి పట్టుకొని, ఒడలు అదరించి ఝుమ్మనగానే ఉప్పు చల్లినట్లు రాలును. ఈ విద్య తేనెటీగకు లేదు. పందిరి వెదురును తొలుచునని ఆ తుమ్మెదను చంపుట, వంగకాయను పోగొట్టుకొనుటయే.

సీతాఫలపు పూవు మొదట ఆడదిగను, పిదప మగదిగను పనిచేయును. కనుక తన పుప్పొడి తనకు సామాన్యముగా అందదు. బియ్యపుగింజకన్న చిన్నవైన పెంకుపురుగులు పూవునుండి పూవునకు ప్రాకి ఆ లోటు తీర్చును. మామిడిపూతకు ఈగలే ముఖ్య సహాయకులు. గులాబి ఆకును గుండ్రముగా కత్తిరించుకొనిపోవు చిన్న ఈగ కందిపూవునకు ఆప్తబంధువు; నాలుగాకులు పోయినంతమాత్రమున మొక్క చావదు.

వీనికై మనము చేయవలసినది స్వల్పము. ఒక మూల ఎండువెదురు ముక్కలుంచుడు. కొంత నేల త్రవ్వక విడువుడు, ఒంటరి ఈగలు అందు గూడు కట్టును. పూత సమయమున మందు మానుడు. అప్పటికిని పిందె నిలువనిచో, సంజవేళ అప్పుడే విచ్చిన మగపూవును కోసి ఆడపూవు నడుమ మెల్లగా అద్దుడు. మందుసీసా తెరచుటకు ముందు ఒక్క సాయంకాలము పందిరిక్రింద నిలిచి, ఎవరు వచ్చుచున్నారో చూడుడు.