పెంపకాన్ని ఆడిపోసుకోకండి!

కాలేజీకి వెళ్లే పిల్లాడు ఉన్నట్టుండి గదిలోంచి బయటికి రావడం మానేస్తాడు. ఎవరో తనను తిడుతున్నట్టు వినిపిస్తోందంటాడు. డాక్టరు 'స్కిజోఫ్రెనియా' అనగానే ఇంటిల్లిపాదీ తల్లివైపే చూస్తారు. 'నీ గారాబమే వాణ్ణి చెడగొట్టింది' అని ఒకరు, 'మీ పుట్టింట్లో ఎవరికైనా ఉందా?' అని మరొకరు!

ఈ నింద మన ఇళ్లకే పరిమితం కాదు. ఈ జబ్బుకి తల్లి తీరే కారణమన్నట్టు 1948లో అమెరికాలో ఫ్రీడా ఫ్రామ్-రీచ్‌మన్ అనే మానసిక వైద్యురాలే రాశారు. ఆ మాట ఎందరో తల్లులను కుంగదీసింది. అది నిజం కాదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

మరి కారణమేమిటి?

మెదడులోని నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లను సినాప్స్‌లంటారు. చిన్నతనంలో ఇవి అవసరానికి మించి ఉంటాయి. ఎదిగే వయసులో మల్లెతీగను కత్తిరించినట్టు అక్కర్లేనివాటిని మెదడే తీసేసుకుంటుంది. ఈ పనిలో 'సి4' అనే జన్యువుకు పాత్ర ఉందని, అది ఎక్కువ చురుగ్గా ఉన్నవారికి స్కిజోఫ్రెనియా ముప్పు కాస్త ఎక్కువని 2016లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు గుర్తించారు. కత్తిరింపు మితిమీరితే మెదడు భాగాల మధ్య అనుసంధానం దెబ్బతింటుందని వారి అంచనా. ఈ జబ్బు ఎక్కువగా యౌవనంలోనే బయటపడడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

అలాగని ఇది ఒక్క జన్యువు పని కాదు. జన్యువుల్లో 287 చోట్ల ఈ జబ్బుతో సంబంధం కనబడిందని 2022లో ఒక అంతర్జాతీయ అధ్యయనం తెలిపింది. ఇవి అమ్మ వైపు నుంచీ వస్తాయి, నాన్న వైపు నుంచీ వస్తాయి.

వంశంలో ఉంటే వచ్చి తీరుతుందా?

లేదు. మామూలుగా ఈ జబ్బు వచ్చే అవకాశం నూటికి ఒకరికి. తల్లికో తండ్రికో ఉంటే నూటికి సుమారు పదిమందికి. అంటే తొంభైమందికి రాదన్నమాట! అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి వచ్చినా, రెండోవారికి వచ్చే అవకాశం సగానికి మించదు. కాన్పు సమయంలో ఇబ్బందులు, గంజాయి, తీవ్రమైన ఒత్తిడి కూడా ముప్పును పెంచుతాయి.

అందుకే మేనమామకి ఉందని పిల్ల సంబంధం వదులుకోవడం తొందరపాటే. ఉన్న జబ్బును దాచి 'పెళ్లయితే అదే కుదురుతుంది' అనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఆ భారమంతా వచ్చే కోడలిపైనో, అత్తారింటికెళ్లే కూతురిపైనో పడుతుంది.

మందులు క్రమం తప్పకుండా వాడితే చాలామంది కోలుకుంటారు. నెమ్మదించింది కదా అని డాక్టరును అడక్కుండా ఆపొద్దు. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ 'టెలి మానస్' నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. 'ఎవరి వల్ల వచ్చింది?' అని వాదులాడుకునే సమయంలో వైద్యం మొదలుపెడితే అంతకన్నా మేలు ఉండదు.