కేబుల్ బిల్లు లెక్క ఎప్పుడైనా చూశారా?

ఒకటో తారీఖు రాగానే మనం ఎంత జాగ్రత్తగా ఉంటామో కదా! పాలవాడు రాని రోజుల్ని క్యాలెండర్ మీద సున్నాలు చుట్టి మరీ గుర్తు పెట్టుకుంటాం. కిరాణా కొట్టు చీటీని ఒకటికి రెండుసార్లు కూడి చూస్తాం. అదే కేబుల్ అబ్బాయి వచ్చి "అమ్మా, ఈ నెల నుంచి నలభై రూపాయలు పెరిగిందండీ" అంటే మాత్రం, "మళ్ళీనా!" అని గొణుక్కుంటూ ఇచ్చేస్తాం. దేనికి పెరిగిందని అడగం. గట్టిగా అడిగితే సరిగ్గా సీరియల్ టైముకి లైను కట్ చేస్తాడేమోనని లోపల బెరుకు!

ఆ బెరుకు అక్కర్లేదు. ఏ ఛానల్‌కి ఎంత అని అడిగే హక్కు మనకుంది. ఆ లెక్కేమిటో చూద్దాం రండి.

బిల్లులో ఏముంటుంది?

మన బిల్లులో రెండు పద్దులుంటాయి. ఒకటి, లైను వాడుకున్నందుకు కట్టే నెట్‌వర్క్ చార్జి. ఉచిత ఛానళ్ళు దీంట్లోనే వస్తాయి. రెండోది, పే ఛానళ్ళ ఖరీదు. ఈ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ.

పూర్వం కేబుల్ ఆయన ఏం వేస్తే అదే చూసేవాళ్ళం, ఎంతంటే అంత ఇచ్చేవాళ్ళం. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో కొత్త నిబంధనలు తెచ్చింది. అవి 2019 మొదట్లో మన ఇళ్ళకి వచ్చాయి. ప్రతి పే ఛానల్‌కీ విడిగా ధర ప్రకటించాలి, చూసేవారు తమకు కావలసినవే ఏరుకోవచ్చు అన్నది వాటి సారాంశం. నెట్‌వర్క్ చార్జి వంద ఛానళ్ళకి 130 రూపాయలు మించకూడదన్నారు. పన్నుతో కలిపితే 153 రూపాయల 40 పైసలు. 2020లో అదే 130కి రెండు వందల ఛానళ్ళు ఇవ్వాలన్నారు.

అయితే ఒక్క మాట. 2024 జూలైలో ట్రాయ్ ఈ 130 పరిమితిని తీసేసింది. ఇప్పుడు చార్జి ఎంతన్నది కంపెనీయే నిర్ణయించుకోవచ్చు, కానీ దాన్ని బహిరంగంగా ప్రకటించాలి. కనుక పాత లెక్క పట్టుకుని పోట్లాడితే లాభం లేదు. "మీ ప్రకటించిన రేటు ఎంత? చూపించండి" అని అడగండి.

వంకాయలతో కాకరకాయలు

కూరగాయల బండి దగ్గరికి అర కిలో వంకాయల కోసం వెళ్ళారనుకోండి. "వంకాయలు కావాలంటే కాకరకాయలు, దొండకాయలు కూడా తీసుకోవాలమ్మా" అంటే ఊరుకుంటారా? ఛానళ్ళ 'బొకే'లో జరిగేది ఇంచుమించు అదే. మనకు కావలసిన ఒకటి రెండు ఛానళ్ళకి విడి ధర బాగా ఎక్కువ పెట్టి, పది ఛానళ్ళ కట్టని చవకగా ఇస్తారు. విడిగా కొనడం దండగ అనిపించి కట్టే కొంటాం. అందులో సగం మనింట్లో ఎవరూ చూడరు!

దీనికి అడ్డుకట్టగా 2022 నవంబరులో ట్రాయ్ సవరణ చేసింది. 2023 ఫిబ్రవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నెలకి 19 రూపాయలు దాటిన ఛానల్‌ని బొకేలో చేర్చకూడదు. ఛానల్ కంపెనీ తన బొకే మీద ఇచ్చే తగ్గింపు 45 శాతం మించకూడదు.

చిన్న లెక్క వేద్దాం. ఒక్కోటి 19 రూపాయల చొప్పున నాలుగు ఛానళ్ళంటే 76. ఎంత తగ్గించినా ఆ బొకే 41 రూపాయల 80 పైసల కంటే దిగదు. మీరు చూసేవి రెండే అయితే విడిగా 38తో సరిపోతుంది. మూడు చూస్తే 57 అవుతుంది కనుక బొకేయే నయం. చూశారా, ఎన్ని చూస్తామన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది!

పోటీ ఉంటేనే మర్యాద

మన వీధిలో ఒక్కటే కిరాణా కొట్టుంటే బేరం సాగదు. ఎదురుగా ఇంకోటి వస్తే అదే కొట్టాయన పిలిచి మరీ తగ్గిస్తాడు. టీవీ విషయమూ అంతే. పెద్ద సంస్థలు తమ బలాన్ని అడ్డంగా వాడకుండా చూసేందుకు కాంపిటీషన్ కమిషన్ ఉంది. పంజాబులో ఒక కేబుల్ గ్రూపు ఒక వార్తా ఛానల్‌ని ఆపేసినందుకు ఈ కమిషన్ 2012లో జరిమానా వేసింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. జరిమానా నిలవకపోయినా, ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేశారన్న మాటని 2018లో కోర్టు ఒప్పుకుంది. 2024లో రిలయన్స్, డిస్నీ టీవీ వ్యాపారాలు కలిసినప్పుడూ ఏడు ఛానళ్ళను వదులుకునే షరతు మీదే కమిషన్ అనుమతి ఇచ్చింది.

మన స్థాయిలో పోటీ అంటే ఇంకో దారి వెతుక్కోవడమే. కేబుల్ నచ్చకపోతే డీటీహెచ్ ఉంది. నెల నెలా కట్టడమే వద్దనుకుంటే దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ ఉంది. గొడుగు, బాక్సు ఒకసారి కొనుక్కుంటే చాలు, తరవాత నెలసరి బిల్లు ఉండదు. మీకు కావలసిన ఛానళ్ళు అందులో వస్తాయో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

ఈ నెల ఇలా చేసి చూడండి

* వారం రోజులు ఇంట్లో ఎవరు ఏ ఛానల్ చూస్తున్నారో కాగితం మీద రాయండి. అత్తగారి భక్తి ఛానల్, పిల్లల కార్టూన్లు మరిచిపోకండి.

* ఛానళ్ళ విడి ధరల పట్టిక అడిగి తీసుకోండి. బొకేతో పోల్చి చూడండి.

* డబ్బు కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. ఫోన్‌లో కట్టినా ఆ మెసేజీ దాచుకోండి.

* అడగని ఛానళ్ళకి డబ్బు వేస్తే ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అయిదు లక్షల లోపు విలువ గల ఫిర్యాదుకి ఫీజు లేదు.

లైను బాగుచేయడానికి ఎండలో స్తంభమెక్కే కేబుల్ అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి. రేట్లు నిర్ణయించేది అతను కాదు. మర్యాదగా లెక్క అడగండి, చాలు. నెలకి 60 రూపాయలు మిగిలినా ఏడాదికి 720. పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బు ఎంత అక్కరకొస్తుందో మీకు నేను చెప్పాలా?