స్పెషల్ పీపీ ఎవరి వకీలు?

అశోక్ నగర్ గదుల్లో ఏపీపీ పరీక్షకు చదివే మన పిల్లలు స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ అనే మాటను సెక్షన్ నంబరుతో బట్టీ పడతారు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, సెక్షన్ 15: ప్రత్యేక కోర్టుకు ప్రభుత్వం నియమించే వకీలు, కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు. పరీక్షకు అంత చాలు.

బాధితులకు చాలదు. పీపీ ప్రభుత్వం తరఫు మనిషే గాని మన వకీలు కాడు. అయినా మన సాక్షుల్ని కోర్టులో నడిపించేది ఆయనే. ఆయన మెత్తబడితే కేసు పోయినట్టే. అందుకే 1995 నిబంధనల్లో 4(5) చదవాలి. బాధితులు కోరితే జిల్లా మెజిస్ట్రేటు పేరున్న సీనియర్ న్యాయవాదికి ఫీజిచ్చి కేసు అప్పగించవచ్చు. ఆ 'వచ్చు' దగ్గరే ఉంది మెలిక. అడగాలి, వెంటపడాలి.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. కోర్టు మా ఊళ్లోనే పెట్టాలన్నారు, పెట్టించారు. పౌరహక్కుల న్యాయవాది బి. చంద్రశేఖర్ స్పెషల్ పీపీగా వాదించారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది.

సెక్షన్ 15 నియామకం ఆ ప్రత్యేక కోర్టు వరకే. అప్పీలుకు మంచి వకీలు కావాలంటే మళ్లీ అడగాల్సిందే.